తూర్పు బాల్కనీయా, పడమరా, మేడా, కిటికీ గట్టా? బెజవాడ ఎండలో మొక్కకు చోటు ఎంచుకోవడం

మా కింది ఫ్లాట్ వదినగారు మొన్న తులసి కుండీ పట్టుకుని పైకొచ్చారు. "రోజూ నీళ్ళు పోస్తున్నా, వేపపిండి కూడా వేశా. ఎందుకిలా సన్నగా సాగిపోతోంది వదినా?" అని అడిగారు. కొమ్మ మీద కణుపుకీ కణుపుకీ మధ్య మూడు వేళ్ళ ఎడం ఉంది. ఆకులు లేత పసుపు పచ్చగా, పల్చగా ఉన్నాయి. మొక్క మొత్తం ఒకవైపుకి వంగిపోయింది. "వంటింటి కిటికీలో పెట్టారా?" అన్నాను. ఔనన్నారు. ఎదురు అపార్ట్‌మెంట్ గోడకీ ఆ కిటికీకీ మధ్య ఎనిమిది అడుగుల సందు మాత్రమే ఉంది. ఆ మొక్కకు లోటు నీళ్ళదీ కాదు, ఎరువుదీ కాదు. వెలుగు చాలట్లేదు.

మనలో ఎక్కువమంది ముందు మొక్క కొంటాం, తరువాత దానికి చోటు వెతుకుతాం. ఈ వరసను తిరగెయ్యమనే నేను ఎవరికైనా చెబుతాను. ముందు మీ ఇంట్లో వెలుగు ఎక్కడ, ఏ నెలలో, ఎన్ని గంటలు పడుతుందో చూసుకోండి. రాత్రిపూట అక్కడ నిజంగా చీకటిగా ఉంటుందో లేదో కూడా చూసుకోండి. ఆ తరువాతే నర్సరీకి వెళ్ళండి. వెలుగు మొక్కకు తిండి పెడుతుంది. ఎటు వంగాలో, ఎంత ఎత్తు పెరగాలో, ఎప్పుడు పూయాలో చెప్పేది కూడా వెలుగూ చీకటీ కలిసే.

నమ్మకం కుదరకపోతే గుప్పెడు పెసలతో చూడండి. రెండు కప్పుల్లో మట్టి పోసి, నానబెట్టిన పెసలు చల్లి, ఒక కప్పును కిటికీలో పెట్టండి, రెండో దాని మీద గిన్నె బోర్లించండి. ఐదారు రోజులు పోయాక గిన్నె తీస్తే లోపలివే పొడుగ్గా కనిపిస్తాయి. పొడుగు చూసి బాగా పెరిగాయనుకునేరు. కాడ తెల్లగా, ముట్టుకుంటే విరిగేలా ఉంటుంది, ఆకులు విప్పుకోకుండా పసుపు రంగులో ముడుచుకుని ఉంటాయి. గింజలో దాచుకున్న బలమంతా వెలుగును వెతకడానికే ఖర్చు పెట్టేసిందన్నమాట. పెళ్ళిళ్ళలో పాలికల్లో పోసిన నవధాన్యాలు దేవుడి గది మూల ఉంటే అలా పాలిపోయి పొడుగ్గా రావడం మీరూ చూసే ఉంటారు. వాటిని వరండాలోకి తెస్తే ఒకటి రెండు రోజుల్లో పచ్చబడతాయి, ఎందుకంటే పత్రహరితం పూర్తిగా తయారవడానికి కూడా వెలుగే కావాలి. వదినగారి తులసి చేస్తున్నది కూడా అదే పని, కాస్త నెమ్మదిగా.

మన కంటితో వెలుగును కొలవడం కష్టం. కంటిపాప తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి హాలూ బాల్కనీ మనకు దగ్గర దగ్గరగానే తోస్తాయి. వెలుగును లక్సుల్లో కొలుస్తారు. మే నెల మధ్యాహ్నం మేడ మీద దాదాపు లక్ష లక్సుల వెలుగుంటే, హాల్లో కిటికీ పక్కన వెయ్యి, రెండు వేలు, రాత్రి ట్యూబ్‌లైటు కింద సోఫా దగ్గర రెండు వందలు ఉంటాయి. తేడా ఐదు వందల రెట్లు! ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌లు ఉన్నాయి, లెక్క మరీ కచ్చితంగా ఉండకపోయినా ఒక చోటును ఇంకో చోటుతో పోల్చడానికి చాలు. యాప్ లేకపోయినా ఫర్వాలేదు. మిట్టమధ్యాహ్నం కుండీ పెట్టే చోట తెల్ల కాగితం పరిచి, అడుగు ఎత్తులో అరచెయ్యి పెట్టండి. వేళ్ళు విడివిడిగా, అంచులు పదునుగా నీడ పడితే అది ఎండ మొక్కలకు పనికొచ్చే చోటు. చెయ్యి అని తెలుస్తూ అంచులు చెదిరితే సగం నీడ. నీడ పడిందో లేదో అనుమానంగా ఉంటే అక్కడ మనీప్లాంట్, జీజీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, ఆగ్లోనిమా లాంటివే బతుకుతాయి. తులసి బతకదు.

తూర్పా, పడమరా?

ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ఆలోచించకుండా తూర్పే అంటాను. లెక్కప్రకారం రెండు వైపులా పడే ఎండ దాదాపు ఒకటే: పొద్దున్న నాలుగైదు గంటలు ఇటు, మధ్యాహ్నం నుంచి నాలుగైదు గంటలు అటు. కానీ మొక్క ఆ ఎండను వాడుకునే తీరులో చాలా తేడా ఉంది. ఉదయం ఏడు, ఎనిమిదింటికి గాలి చల్లగా, కాస్త తేమగా ఉంటుంది. ఆకుల మీది సన్నటి రంధ్రాలు తెరుచుకుని గాలిని లోపలికి తీసుకుంటాయి, తిండి తయారవుతుంది. మధ్యాహ్నం రెండింటికి, అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో, వేడిగాలి ఆకులోని నీటిని పీల్చేస్తుంటే మొక్క ఆ రంధ్రాలను మూసుకుంటుంది. ఎండ మీద పడుతున్నా గాలి లోపలికి పోదు కాబట్టి తిండి తయారీ మందగిస్తుంది. వేడి మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో పడమటి గోడను సాయంత్రం ఏడింటికి ముట్టుకున్నా చెయ్యి కాలుతుంది. ఆ గోడను ఆనుకుని నల్ల ప్లాస్టిక్ కుండీ ఉంటే మొక్క వేర్లు ఉడికిపోతాయి. ఆకులు మాడటం మనకు కనబడుతుంది, వేరు చచ్చిపోవడం కనబడదు.

అందుకని తూర్పు బాల్కనీలో తులసి, మందారం, గులాబీ, కనకాంబరం, పుదీనా, కొత్తిమీర, పాలకూర అన్నీ పెట్టుకోవచ్చు. కనకాంబరం కాస్త నీడను కూడా ఓర్చుకుంటుంది, పూత మానదు. మల్లెకు మాత్రం ఎండ ఎంత ఎక్కువైతే అంత మంచిది, తూర్పున నాలుగు గంటలు పడితే పూస్తుంది గానీ బుట్టలు నిండవు.

పడమర తప్ప వేరే దిక్కు లేనివాళ్ళు నిరాశ పడక్కర్లేదు, మొక్కలను మార్చుకుంటే సరి. కాగితపు పూల మొక్క, అడీనియం, కలబంద, కరివేపాకు, నిమ్మగడ్డి ఆ ఎండను తట్టుకుంటాయి. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇంకొకటి ఉంది. గ్రిల్‌కి రాధామనోహరం గానీ శంఖుపుష్పం గానీ ఎక్కించి, ఆ తీగనే తెరలా వాడుకోవడం. దాని వెనక నీడలో సున్నితమైన మొక్కలు పెట్టుకోవచ్చు, గదిలో వేడి కూడా తగ్గుతుంది. కుండీలు మట్టివో సిమెంటువో అయితే మేలు. ప్లాస్టిక్‌వే అయితే ఒక కుండీలో ఇంకో కుండీ పెట్టి మధ్యలో కొబ్బరి పీచు కూరండి.

ఉత్తరం, దక్షిణం: నెలను బట్టి మారే వెలుగు

ఉత్తరం బాల్కనీకి ఎండ రాదు, దక్షిణానికి ఎప్పుడూ వస్తుంది అని తోటపని పుస్తకాల్లో రాస్తారు. ఆ మాట చలిదేశాల వాళ్ళది. మన బెజవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, గుంటూరు కూడా దాదాపు అక్కడే. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజు మేడ మీద నిట్టనిలువుగా కర్ర పాతితే మధ్యాహ్నం దానికి నీడే ఉండదు. ఆ రెండు వారాల మధ్య మూడు నెలలూ సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే జూన్‌లో ఉత్తరం బాల్కనీలోకి పొద్దున్నా సాయంత్రమూ ఏటవాలు ఎండ వస్తుంది. అదే సమయంలో దక్షిణం బాల్కనీ మీద పై అంతస్తు స్లాబు నీడ పడి ఒక్క కిరణం కూడా లోపలికి రాదు.

డిసెంబరులో అంతా తిరగబడుతుంది. మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఎండ బాల్కనీ దాటి గది గచ్చు మీదికి కూడా వస్తుంది. ఉత్తరం వైపు మాత్రం దసరా నుంచి ఉగాది దాకా నేరు ఎండ లేనట్టే.

మా అమ్మ వాళ్ళింట్లో ఉత్తరం వరండాలో ఫెర్న్‌లు ఏడాదంతా కళకళలాడి, మే నెలాఖరులో ఆకుల చివర్లు గోధుమ రంగుకి తిరిగేవి. పురుగేమో అనుకుని మందు కొట్టేవాళ్ళం. ఒక సాయంత్రం ఐదింటికి అక్కడ కూర్చుని కాఫీ తాగుతుంటే, ఏటవాలుగా ఎండ వచ్చి సరిగ్గా ఆ వరస కుండీల మీదే పడింది. ఆ రెండు నెలలు కుండీలను రెండడుగులు లోపలికి జరిపితే సరిపోయింది.

నీడ మొక్కలు పెంచాలనుకునేవాళ్ళకి ఉత్తరమే మంచిది. తమలపాకు తీగ ఇక్కడ బాగా వస్తుంది. గుంటూరు వైపు తమలపాకు తోటలను అవిశె చెట్ల నీడలో పెంచడం ఊరికే రాలేదు, ఆ తీగకు చెట్ల కింద చెదిరి పడే వెలుగే ఇష్టం. పసుపు, అల్లం కూడా సగం నీడకు ఒప్పుకుంటాయి. దుగ్గిరాల చుట్టుపక్కల పసుపులో మొక్కజొన్న వేయడం చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. అరీకా పామ్, పీస్ లిల్లీ లాంటి అలంకరణ మొక్కలకు కూడా ఉత్తరం సరిపోతుంది.

దక్షిణం బాల్కనీ శీతాకాలపు తోటకు బంగారం లాంటి చోటు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా టమాటా, క్యాబేజీ, బంతి, చేమంతి, పిటూనియా, ఏది పెట్టినా ఎండ చాలలేదన్న మాట రాదు. వాస్తు అని దక్షిణం ముఖం ఫ్లాట్లు వద్దనుకునేవాళ్ళు ఉంటారు. ఆ నమ్మకం జోలికి నేను పోను, చలికాలపు కూరగాయలు పండించుకునేవాళ్ళకి అంతకంటే మంచి బాల్కనీ లేదని మాత్రం చెప్పగలను. మే, జూన్, జూలైలో అక్కడ నీడ మొక్కలు పెట్టుకోవచ్చు.

ఇంకొక మాట. మొగల్రాజపురం, గుణదల లాంటి చోట్ల కొండను ఆనుకుని ఉన్న ఇళ్ళకి దిక్కు ఒక్కటే చూస్తే చాలదు. కొండకు తూర్పు పక్కనుంటే సాయంత్రం ఎండ తొందరగా దాటిపోతుంది, పడమటి పక్కనుంటే పొద్దున్నెండ ఆలస్యంగా తగులుతుంది. ఎదురుగా ఐదంతస్తులు లేచినా అంతే. ఒక ఆదివారం గంటకోసారి బాల్కనీలోకి వెళ్ళి, ఎండ ఎక్కడిదాకా వచ్చిందో సుద్దతో గీత గీసుకోండి. డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి చేస్తే ఇంకెవరి సలహా అక్కర్లేదు.

మేడ మీద: వల కట్టాలా, కడితే ఏది?

వంగ, బెండ, మిరప, టమాటా, బీర, సొర పండించాలంటే రోజుకి కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి. ఏడాది పొడవునా అంత ఎండ అపార్ట్‌మెంట్‌లో మేడ మీద తప్ప దొరకదు. ఆకుకూరలకు నాలుగు గంటలు చాలు. ఆకులు తినేవాటికి తక్కువ ఎండ, కాయలు తినేవాటికి ఎక్కువ ఎండ అని గుర్తుపెట్టుకోండి. తోటకూర మాత్రం వేరు. మొక్కజొన్నలాగే అది ఎండ ఎంత ఉంటే అంత వాడుకోగల జాతి, నీడలో పెడితే నీరసించిపోతుంది.

ఏప్రిల్ వచ్చేసరికి అందరూ ఎండను తగ్గించే వల, అంటే షేడ్‌నెట్ కొంటారు. దుకాణంలో 35, 50, 75, 90 శాతం అని దొరుకుతాయి. ఆ అంకె ఎంత ఎండను అది ఆపేస్తుందో చెబుతుంది, ఎంత దిగనిస్తుందో కాదు. చాలామంది 'ఎండ మరీ ఎక్కువ కదా' అని 75, 90 తెస్తారు. నా సలహా 50. కారణం ఇది. వంగ, మిరప, టమాటా లాంటి మొక్కల్లో ఒక్కొక్క ఆకు పూర్తి ఎండలో మూడో వంతు నుంచి సగం దాకానే వాడుకోగలదు, ఆపైన పడేది ఎక్కువగా వేడిగానే మిగులుతుంది. లక్ష లక్సుల్లో సగం ఆపితే 50 వేలు దిగుతాయి, పై ఆకులకు పుష్కలం, కింది ఆకులకు కూడా కాస్త అందుతుంది. 75 శాతం కడితే 25 వేలే దిగుతాయి, కింది ఆకులు పస్తులుంటాయి. 90 కడితే 10 వేలు, అది దట్టంగా మబ్బు పట్టిన రోజుతో సమానం. ఆ వల కింద మిరప మొక్క ఏపుగానే కనబడుతుంది గానీ పూత రాలిపోతుంది.

పూత రాలడానికి వేడి కూడా కారణమే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పిందె కట్టదు, ఏ వల కట్టినా మే నెలలో బెజవాడ మేడ మీద టమాటాలు ఆశించడం అన్యాయం. ఆ రెండు నెలలు బెండ, గోంగూర, తోటకూర, గోరుచిక్కుడు పెట్టుకోండి.

రంగు సంగతి. ఎక్కడ చూసినా ఆకుపచ్చ వలే కనబడుతుంది, కళ్ళకు హాయిగా ఉంటుందని కావచ్చు. ఆకులకు ఎక్కువగా పనికొచ్చేవి ఎరుపు, నీలం కిరణాలు. ఆకుపచ్చ వల వాటిని ఎక్కువ ఆపి, ఆకుపచ్చనే ఎక్కువ దించుతుంది. నల్ల వల అన్ని రంగులనూ ఒకేలా తగ్గిస్తుంది, కానీ తను వేడెక్కుతుంది కాబట్టి తలకు తగలకుండా ఏడెనిమిది అడుగుల ఎత్తున కట్టి పక్కలు తెరిచి ఉంచాలి. తెల్ల వల దొరికితే అది వెలుగును చెదరగొట్టి అన్ని వైపులకూ పంచుతుంది, వేడి కూడా తక్కువ. నేనైతే తెల్లది, లేకపోతే నల్లది అంటాను. ఆకుపచ్చది ఇప్పటికే కొనేసి ఉంటే పారెయ్యక్కర్లేదు, 50 శాతం అయితే వేసవి గడుస్తుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు వల తియ్యకపోవడం. ఉగాది దాటాక కట్టండి, తొలకరి పడగానే విప్పి చుట్టి పెట్టేయండి. జూలై, ఆగస్టు నెలల్లో మబ్బు పట్టిన రోజు దిగేదే ఎండలో అయిదో వంతు. దాని మీద వల కూడా ఉంటే మొక్కకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. 'వర్షాకాలంలో మా మేడతోట ఎందుకో పండదు' అని బాధపడేవాళ్ళలో సగం మంది మేడ మీద ఏప్రిల్‌లో కట్టిన వల ఇంకా వేలాడుతూనే ఉంటుంది.

కొత్తగా తెచ్చిన మొక్క విషయంలో కూడా జాగ్రత్త. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కల్లో చాలావరకు వల నీడలో పెరిగినవే. నీడలో పుట్టిన ఆకు వెడల్పుగా, పల్చగా ఉంటుంది, ఎండలో పుట్టిన ఆకు చిన్నదిగా, మందంగా ఉంటుంది. పల్చటి ఆకులతో వచ్చిన మొక్కను అదే రోజు మేడ ఎండలో పెడితే మర్నాటికి తెల్లటి మచ్చలు పడతాయి. పొద్దున్నెండలో గంట, తరువాత రెండు గంటలు, అలా పది రోజుల్లో అలవాటు చేయాలి. కాలిన ఆకు మళ్ళీ పచ్చబడదు, కొత్తగా వచ్చే చిగురు మాత్రం ఎండకు తగ్గట్టే వస్తుంది. అందుకని ఒకసారి మాడితే మొక్క పోయిందని టెన్షన్ పడి మళ్ళీ పూర్తి నీడలోకి లాక్కుపోకండి.

ఇంటి లోపల: కిటికీనా, గ్రో లైటా?

కిటికీకి ఆనించి పెట్టిన కుండీకీ, ఆరడుగులు లోపల టీపాయ్ మీద పెట్టిన కుండీకీ వెలుగులో చాలా తేడా ఉంటుంది. ముందు కుండీని కిటికీ దగ్గరికి జరపండి, అది ఖర్చులేని పరిష్కారం. మొక్క వెలుగువైపు వంగుతుంది. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1880 నాటికే గడ్డి మొలకల కొనకు చిన్న టోపీలు తొడిగి, వెలుగును పసిగట్టేది ఆ కొనేనని చూపించారు. వెలుగు తగలని పక్క ఎక్కువ సాగడం వల్ల మొక్క వెలుగువైపు వంగుతుంది. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పితే నిటారుగా ఉంటుంది. తెల్ల మచ్చల మనీప్లాంట్ మచ్చలు పోయి పచ్చబడుతోందంటే, క్రోటన్ రంగులు వెలిసిపోతున్నాయంటే, వెలుగు చాలట్లేదని అర్థం.

గ్రో లైట్ల మీద, అంటే ఎండకు బదులు మొక్కలకు వెలుగిచ్చే లైట్ల మీద, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నారు పెంచడానికి, మైక్రోగ్రీన్స్‌కి (లేతగా ఉండగానే కోసి తినే మొలకలకి), ఎండే రాని కింది అంతస్తుల్లో ఆకుకూరలకు అవి పనికొస్తాయి. టమాటా, మిరప కాయించడానికి ఇంట్లో లైట్లు పెట్టడం మన ఊళ్ళో దండగ, మేడ మీద ఉచితంగా దొరుకుతుంటే. కొనాల్సివస్తే ఊదా రంగు కంటే తెల్లటి ఎల్‌ఈడీ తీసుకోండి. అందులో ఎరుపూ నీలమూ ఉంటాయి, మొక్క అసలు రంగు తెలుస్తుంది కాబట్టి తెగులు వస్తే వెంటనే కనబడుతుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు కూడా పని చేస్తుంది, మొక్కకు జానెడు ఎత్తులో వేలాడదీస్తే. దూరం రెట్టింపైతే వెలుగు బాగా పడిపోతుంది, సీలింగుకి బిగించిన లైటు మొక్కకు దీపం పెట్టినట్టే. 20 వాట్ల లైటు రోజుకి 12 గంటలు వెలిగిస్తే నెలకు ఏడు యూనిట్ల పైచిలుకు అవుతుంది. చవకరకం టైమర్ కూడా కొనుక్కోండి. ఎక్కువసేపు వెలిగిస్తే ఎక్కువ పెరుగుతుందని 24 గంటలూ వేసి ఉంచేవాళ్ళను చూశాను. టమాటా నారు అలా చేస్తే ఆకులు పసుపెక్కి దెబ్బతింటాయి.

చీకటి కూడా చూసుకోవాల్సిందే

సాయంత్రమయ్యేసరికి చింతాకు ముడుచుకుంటుంది. నిద్రగన్నేరుకి ఆ పేరు పెట్టినవాళ్ళు ఎంత శ్రద్ధగా గమనించి ఉంటారో. 1729లో ఫ్రాన్స్‌లో డి మైరాన్ అనే ఆయన అత్తిపత్తి లాంటి మొక్కను పగలంతా చీకట్లో పెట్టి చూస్తే, వెలుగు తగలకపోయినా ఆకులు వేళకు తెరుచుకున్నాయి, వేళకు ముడుచుకున్నాయి. మొక్కలో ఒక గడియారం ఉంది. రాత్రి ఎంత పొడుగో అది కొలుస్తుంది.

ఈ సంగతి బయటపడింది గుంటూరు వాళ్ళకి బాగా తెలిసిన పంటతోనే. పొగాకు బోర్డు ఉన్న ఊరు కదా మరి. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు ఒక పొగాకు రకాన్ని గమనించారు. అది వేసవిలో మనిషెత్తు దాటి పెరిగేది గానీ పూసేది కాదు, శీతాకాలం గాజు ఇంట్లో పెడితే పూసేది. వేసవిలోనే కుండీలను రోజూ సాయంత్రం పెందరాళే చీకటి గదిలోకి చేర్చి చూశారు, పూసింది. 1920లో ఆ ఫలితాలు ప్రకటించారు. తరువాత 1938లో హామ్నర్, బోనర్ అనే శాస్త్రవేత్తలు బట్టలకు అంటుకునే ముళ్ళకాయల కలుపు మొక్క మీద ఇంకో మెట్టు ఎక్కారు. పొడుగు రాత్రి మధ్యలో కాసేపు లైటు వేస్తే చాలు, ఆ మొక్క పూత మానేసింది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే ఏమీ కాలేదు. మొక్క లెక్కపెట్టేది తెగని రాత్రిని.

మన ఊళ్ళో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు. ఆ రెండు గంటల తేడానే చాలా మొక్కలకు పిలుపు. రాత్రులు పెరుగుతుంటే పూసేవాటిని పాఠ్యపుస్తకాల్లో హ్రస్వ దీప్తికాల మొక్కలంటారు. చేమంతి, పాయిన్‌సెట్టియా, గోంగూర, బచ్చలి, పందిరి చిక్కుడు ఈ జాతివే. గోంగూర వేసవిలో వేస్తే నెలల తరబడి ఆకు కోసుకోవచ్చు, ఆశ్వయుజంలో వేస్తే జానెడు ఎదగకముందే పూతకొస్తుంది. విత్తనం మంచిది కాదని దుకాణం మీద కోప్పడి లాభం లేదు. చిక్కుడులో ఎంపిక ఉంది: పాత పందిరి రకాలు ఎప్పుడు నాటినా చలికాలం ముఖం చూశాకే పూస్తాయి, పొద చిక్కుడు రకాలకు పగటి పొడవుతో పని లేదు. రుచికి పందిరి చిక్కుడు, వేసవిలో కూడా కాయలు కావాలంటే పొద చిక్కుడు.

నాకు ఈ చీకటి విలువ తెలిసింది చేమంతితోనే. ఒకే తల్లి మొక్క పిలకలు రెండు కుండీల్లో వేశాను. ఒకటి మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక, రెండోది మెట్ల దగ్గర, రాత్రంతా వెలిగే బల్బు కింద. నీళ్ళు, ఎరువు, పగటి ఎండ రెండింటికీ దాదాపు సమానం. కార్తీకం చివరికి ట్యాంకు వెనకది ఆకు కనపడకుండా పసుపు పచ్చటి పూలతో నిండింది. మెట్ల దగ్గరది దానికంటే పొడుగ్గా, ముదురాకుపచ్చగా, ఒక్క మొగ్గ కూడా లేకుండా నిలబడింది. దాన్ని కూడా ట్యాంకు వెనక్కి మార్చాను. కొన్ని వారాల్లో కొనల్లో మిరియపు గింజంత మొగ్గలు వచ్చాయి, సంక్రాంతి దాటాక పూసింది. చేమంతిని వ్యాపారానికి పెంచేవాళ్ళు కావాలనే రాత్రిపూట బల్బులు వెలిగించి పూత వాయిదా వేస్తారు. డ్రాగన్‌ఫ్రూట్ రైతులు బల్బులు వెలిగించేది అందుకు తలకిందులుగా, పొడుగు పగలనుకుని అకాలంలో పూయడానికి.

కాబట్టి కుండీకి చోటు ఖాయం చేసే ముందు రాత్రి పదింటికి బాల్కనీ లైటు ఆర్పేసి అక్కడ నిలబడండి. వీధి దీపం వెలుగులో పేపరు హెడ్డింగులు చదవగలిగితే అక్కడ చేమంతి, పాయిన్‌సెట్టియా పెట్టకండి. ఇప్పటికే ఉంటే, దసరా నుంచి మొగ్గ కనబడేదాకా సాయంత్రం ఆరింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున ఆరేడింటికి తీసేయండి, ఒక్క రోజు కూడా మానకుండా. అంత ఓపిక లేకపోతే ఆ చోటు గులాబీకి ఇవ్వండి, ఎండ బాగా పడితే చాలు, వీధి దీపంతో దానికి పేచీ లేదు. వదినగారి తులసిని మాత్రం ఆ రోజే మా తూర్పు బాల్కనీకి మార్చాం. పాత కొమ్మలు సగానికి కత్తిరించాను. మూడు వారాలకు కొత్త చిగురు వచ్చింది, కణుపులు వేలెడు ఎడం కూడా లేవు.